బ్లాక్ సబ్బాత్, టినారివెన్, మా యాడి ఢావ్లో

"తండా పిల్లగానివి, నీకు ఈ ఇంగ్లిష్ గోల ఏంది?" అని నన్ను అడగనివాళ్లు తక్కువ. హాస్టల్లో అడిగారు. టీచర్ ట్రైనింగులో అడిగారు. ఇప్పుడు నేను పనిచేసే బడిలో తోటి టీచర్లు టీ తాగుతూ అడుగుతారు. మా తండా పెద్దమనుషులైతే అడగరు, నా ఫోన్లోంచి వచ్చే చప్పుడు విని తల ఊపి పక్కకు పోతారు. అందరికీ కలిపి ఒకేసారి జవాబు రాద్దామని ఇన్నాళ్లకు కూర్చున్నాను.

రాక్ సంగీతం తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఒక్క మాట. ఒకటో రెండో ఎలక్ట్రిక్ గిటార్లు, లావు తంత్రుల బేస్ గిటార్ ఒకటి, డ్రమ్ములు, ఒక గొంతు. అన్నింటినీ కరెంటుతో పెద్దవి చేసి వినిపిస్తారు. ఇంతే సరంజామా. నలుగురు మనుషులుంటే బ్యాండ్ అయిపోతుంది. మన హోలీ గుంపుకు కావాల్సినంత మంది కూడా అక్కర్లేదు.

మాది బాన్సువాడ దగ్గర ఒక తండా. నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరకు పండే ఊళ్లు చాలా ఉన్నాయి. మా తండా మాత్రం గట్టు మీద ఉంది, కాలువ నీళ్లు మాకు ఎక్కవు. అందుకే మా దిక్కు మగవాళ్లకు రెండే దారులు: చలికాలంలో చెరకు కొట్టడం, బెల్లం బట్టీల దగ్గర పని, లేదంటే గల్ఫ్. మా మామ గల్ఫ్ దారి పట్టాడు. 1998లో దుబాయ్ నుంచి వచ్చినప్పుడు రెండు దుప్పట్లు, సెంటు సీసాలు, టైగర్ బామ్, ఒక టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ తెచ్చాడు. దాంతోపాటు ఐదు క్యాసెట్లు. అతని గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి సెలవు మీద పోతూ ఇచ్చిపోయాడట. మామకు అవి నచ్చలేదు. "మీద హిందీ పాటలు ఎక్కించుకో అల్లుడూ" అని నాకు ఇచ్చేశాడు.

అందులో ఒకటి బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ వాళ్ల 'పారనాయిడ్'. 1970లో వచ్చిన ఆల్బమ్. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గిటార్ మొదలైనప్పుడు, ఎడ్లబండి చక్రం బండ మీద నుంచి దిగినట్టు కడుపులో ఒక బరువు తగిలింది. పాడేవాడి గొంతు పాటలా లేదు. పెళ్లిలో అప్పగింతల ముందు మా ఆడవాళ్లు తీసే రాగంలా పైన మొదలై కిందికి జారుతోంది. హిందీ పాటలు ఎక్కించుకోలేదు.

ఆ బ్యాండ్ గురించి తెలిసింది మాత్రం చాలా తర్వాత, హైదరాబాద్‌లో ఇంటర్నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలు కట్టి చదివినప్పుడు. వాళ్లది ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్, ఫ్యాక్టరీల పట్టణం. నలుగురూ కూలి కుటుంబాల పిల్లలే. పాడే ఓజీ ఆస్బోర్న్ కబేళాలో పనిచేసినవాడు. గిటార్ వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతనికి పదిహేడేళ్లప్పుడు, ఆ ఫ్యాక్టరీలో అదే చివరి రోజు అనగా, మిషన్ కింద పడి కుడి చేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తంత్రులు నొక్కే చెయ్యి అదే. ఇక గిటార్ ముట్టలేవన్నారు డాక్టర్లు. అతను ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు ముక్కలు అంటించాడు. మామూలు తంత్రులు నొక్కితే నొప్పి పుడుతోందని బాంజోకు వాడే సన్నని తంత్రులు తెచ్చి బిగించాడు. కొన్నాళ్లకు తంత్రులను వదులు చేసి శ్రుతి దించాడు. శ్రుతి దిగేసరికి గిటార్ గొంతు ఇంకా బొంగురుపోయింది, ఇంకా బరువెక్కింది. ఈ రోజు ప్రపంచమంతా హెవీ మెటల్ అని పిలిచే సంగీతం చాలావరకు ఆ తెగిన వేళ్లలోంచి వచ్చింది.

అది చదువుతుంటే నాకు కళ్ల ముందు మా బా చెయ్యి కనబడింది.

మా నాన్నను మేం బా అంటాం. ఆయన డప్పు వాయించేవాడు. హోలీకి లెంగి పాటలు మొదలైతే చుట్టుపక్కల నాలుగు తండాల నుంచి పిలుపు వచ్చేది. 1996 చలికాలంలో ఒక బెల్లం బట్టీ దగ్గర, రాత్రి పనిలో, ఇంజన్ గానుగలో చెరకు పెడుతూ ఎడమ చేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. బట్టీ యజమాని కట్టు కట్టించాడు, రెండు బస్తాల వడ్లు పంపాడు, అంతటితో లెక్క తీరిపోయింది. డప్పు వాయించేవాళ్లకు తెలుసు, కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో సన్నని చిటికెన పుల్ల. డప్పు అంచును పట్టుకోవాలి, అదే చేత్తో పుల్లను ఆడించాలి. వేళ్లు లేకపోతే పుల్ల జారిపోతుంది. బా డప్పును అటక మీద పెట్టేశాడు. పదేళ్లు దాని ఊసు ఎత్తలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ అయోమీ కథ బాకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "సీసా కరిగించిండా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత నవ్వి, "వానికి ప్లాస్టిక్ దొరికింది. మా బట్టీల బెల్లం పాకం తప్ప ఏముండె" అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు నెలలకు హోలీ వచ్చింది. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, చిటికెన పుల్లను అరచేతికి కట్టుకొని డప్పు కాచుకుంటున్నాడు మా బా.

అది పాత వాయింపు కాదు. మధ్యలో పడాల్సిన సన్నని దెబ్బలు సగం పడలేదు. లయ నెమ్మదించింది, ఒక్కో దెబ్బ దూరం దూరంగా, బరువుగా పడింది. ఎగరడానికి వేగం చాలదని కుర్రాళ్లు విసుక్కున్నారు కూడా. నాకు మాత్రం ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఆ నడక నాకు తెలుసు, క్యాసెట్లో ఏళ్ల తరబడి విన్నదే. ఇంకో ఏడు కూడా వాయించాడు. తర్వాత భుజం నొప్పితో ఆపేశాడు. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బాత్ ఆఖరి కచేరీ జరిగింది. నిలబడలేని ఓజీ కుర్చీలో కూర్చొని పాడాడు, పదిహేడు రోజులకు చనిపోయాడు. ఆ వీడియో బాకు చూపించాను. "కూసోని పాడితే ఏమైంది, పాడిండు గద" అన్నాడు.

అయోమీ కథలో ఇంకో మనిషి ఉన్నాడు, మన గోర్ పిల్లలు తెలుసుకోవాల్సిన మనిషి. వేళ్లు పోయి ఇంట్లో కుములుతున్న అయోమీ దగ్గరికి ఫ్యాక్టరీ మేస్త్రీ ఒకాయన ఒక రికార్డు తెచ్చి వినమన్నాడు. విన్నాక చెప్పాడు, ఇది వాయించినవాడు రెండు వేళ్లతోనే వాయిస్తాడని. ఆ వాయించినవాడు జాంగో రైన్‌హార్ట్. 1910లో బెల్జియంలో పుట్టిన రోమా మనిషి. బండ్ల మీద ఊరూరా తిరిగే జాతి. 1928లో అతని బండికి నిప్పంటుకొని ఎడమ చేతి రెండు వేళ్లు బిగుసుకుపోయాయి. మిగిలిన రెండు వేళ్లతో కొత్త పద్ధతి కనిపెట్టుకొని, చదువు పెద్దగా రాకపోయినా, యూరప్ మెచ్చిన గిటార్ విద్వాంసుడయ్యాడు.

రోమావాళ్లూ మనమూ ఒకే తల్లి బిడ్డలమని సభల్లో మనవాళ్లు చెబుతుంటారు. భాషాశాస్త్రం చదివినవాళ్లు అంత దూరం పోరు. రోమా భాష భారతదేశంలో పుట్టి, సుమారు వెయ్యేళ్ల కింద పడమరకు నడిచిపోయిందని, మన గోర్ బోలీలాగే ఉత్తర భారత భాషల కుటుంబానిదని మాత్రం చెబుతారు. నాకు అంతే చాలు. నీళ్లను వాళ్లు పానీ అంటారు, మనమూ అంటాం. నలుపును కాలో అంటారు, మనమూ కాలో అంటాం. ఒకరోజు క్లాసులో రోమా అంకెలు బోర్డు మీద రాశాను: యేక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంచ్. మా పిల్లలు చదివి, "సార్, ఇది మన బోలీనే, కొంచెం నత్తి ఉంది" అన్నారు. బర్మింగ్‌హామ్ కూలి పిల్లవాడికి మళ్లీ గిటార్ పట్టే ధైర్యం ఇచ్చిన చెయ్యి, మన అంకెల్లాంటి అంకెలు లెక్కపెట్టిన చెయ్యి. రాక్ మనది కాదని ఎవరైనా అంటే నేను ఇక వాదన పెట్టుకోను, ఈ కథ చెప్పి ఊరుకుంటా.

మధ్యలో చాలా బ్యాండ్లు విన్నాను. నిర్వాణ, పింక్ ఫ్లాయిడ్, ఇంకా ఎన్నో. 2011లో మెటాలికా బెంగళూరుకు వస్తే రాత్రి బస్సెక్కి పోయి వేలమంది మధ్య నిలబడ్డాను. బాగుంది. గొంతు పోయేదాకా అరిచాను. తిరుగు బస్సులో మాత్రం ఒకటే ఆలోచన: అంత పెద్ద చప్పుడులో మా ఇంటి మనిషి ఎవరూ లేరు.

ఆ వెలితి తీర్చింది టినారివెన్. ఆఫ్రికాలో సహారా ఎడారిలో తిరిగే తువారెగ్ జాతివాళ్ల బ్యాండ్. టినారివెన్ అంటే వాళ్ల తమాషెక్ భాషలో ఎడారులు. దాన్ని మొదలుపెట్టిన ఇబ్రహీం అగ్ అల్హబీబ్ మాలి దేశంలో పుట్టాడు. 1963 తిరుగుబాటు అణిచివేతలో వాళ్ల నాన్నను చంపేశారు. అప్పటికి అతను పసివాడు. పెరిగిందంతా శరణార్థి గుడారాల్లో. రేకు డబ్బా, కట్టెపుల్ల, సైకిల్ బ్రేకు తీగ కలిపి తన మొదటి గిటార్ తానే చేసుకున్నాడు. 1979 ప్రాంతంలో అల్జీరియాలో తోటి కుర్రాళ్లతో కలిసి గుంపు కట్టాడు. వాళ్లకు రేడియో లేదు, కంపెనీ లేదు. ఎవరైనా ఖాళీ క్యాసెట్ తెస్తే దాని మీద పాడి ఇచ్చేవాళ్లు. ఆ క్యాసెట్ నకలుకు నకలై, చేతులు మారి, సరిహద్దులు దాటి పోయేది. దుబాయ్ నుంచి మామ సంచిలో వచ్చిన క్యాసెట్లతో పెరిగినవాణ్ణి, నాకు ఆ దారి తెలుసు.

వాళ్ల పాటలో గిటార్ ఒంటె నడకలా సాగుతుంది. వెనక చప్పట్లు, ఆడవాళ్ల కిలకిలారావం. తువారెగ్‌లు ఒంటెల మీద ఉప్పు మోసినవాళ్లు. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసినవాళ్లు. మనం లదేణి అంటాం. దక్కన్‌కు వచ్చిన సైన్యాలకు తిండి గింజలు మోసింది మన ఎడ్లే. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది, తండాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తువారెగ్‌ల దారులకు దేశాల సరిహద్దులు అడ్డం వచ్చాయి. మనకూ చిన్న సరిహద్దులున్నాయి. బాన్సువాడ నుంచి కాస్త పోతే ఒక దిక్కు మహారాష్ట్ర, ఒక దిక్కు కర్ణాటక. నేను ఇక్కడ ఎస్టీని. కర్ణాటకలో మా వియ్యంకులు ఎస్సీలు. మహారాష్ట్రలో మా మేనత్త పిల్లలు విముక్త జాతులు. ఒకే పెళ్లిలో ఒకే పాట పాడి, మూడు రకాల సర్టిఫికెట్లు జేబులో పెట్టుకొని ఇళ్లకు పోతాం.

2007లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ పేరు 'అమన్ ఇమన్'. నీళ్లే ప్రాణం అని అర్థం. గట్టు మీద తండావాడికి ఆ పేరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2012లో 'తస్సిలి' అనే ఆల్బమ్‌కు గ్రామీ బహుమతి వచ్చింది. అదే ఏడు ఉత్తర మాలిని ఆక్రమించిన సాయుధ ముఠాలు పాటనే నిషేధించాయి. అయినా వాళ్లు భాష మార్చలేదు. ఇంగ్లిష్‌లో పాడితే ఇంకా అమ్ముడుపోయేదేమో. ప్రపంచమే అనువాదం వెతుక్కొని వాళ్ల దగ్గరికి పోయింది.

మన దేశంలో నాకు దగ్గరైనది ఢిల్లీలో పుట్టిన ఇండియన్ ఓషన్. 2000లో వచ్చిన 'కందిసా' ఆల్బమ్‌లో 'మా రేవా' అని నర్మద మీద పాట ఉంది, ఆ లోయ జనం పాడుకునే పాట నుంచి తీసుకున్నది. బేస్ వాయించే రాహుల్ రామ్ అమెరికాలో పీహెచ్‌డీ చేసి వచ్చి, కొన్నేళ్లు నర్మదా బచావో ఆందోళనలో ఆదివాసీ ఊళ్లలో తిరిగినవాడు. పాట చాలా ఇష్టం. ఒకటి మాత్రం గుచ్చుతుంది, మన పాటను మనవాళ్లే మైకు ముందు పాడే రోజు ఇక్కడ ఇంకా తక్కువే.

టీచర్లు, సార్లు ఈ భాగం కొంచెం ఆగి చదవాలి. ఆస్ట్రేలియాలో యోతు యిండి అని ఒక బ్యాండ్. యోల్ఙు అనే ఆదివాసీ జాతి భాషలో ఆ మాటకు బిడ్డా తల్లీ అని అర్థం. మనం తల్లిని యాడి అంటాం. చెవికి అలా తగిలిందే తప్ప ఆ భాషకూ మనకూ చుట్టరికం ఏమీ లేదు, అయినా మొదటిసారి చదివినప్పుడు సంతోషమేసింది. దాని నాయకుడు మాండవుయ్ యునుపింగు బడిపంతులు. తన ఊరు యిర్కాలాలోని బడికే హెడ్మాస్టరయ్యాడు. ఆస్ట్రేలియాలో ఆ పదవికి వచ్చిన మొదటి ఆదివాసీ అతనే. పొద్దున బడి, సెలవుల్లో కచేరీలు. బడిలో రెండు దారుల చదువు పెట్టాడు, పిల్లలు తమ భాషలో తమ జ్ఞానమూ ఇంగ్లిష్‌లో బయటి జ్ఞానమూ, ఒకటి పైనా ఒకటి కిందా కాకుండా నేర్చుకోవాలని. బ్యాండ్‌లోనూ అంతే. ఒక పక్క గిటార్, ఇంకో పక్క తాళపు కర్రలు, పొడవాటి కట్టె బూర. 1988లో ప్రధానమంత్రి బాబ్ హాక్ ఆదివాసీలతో ఒప్పందం చేసుకుంటామని మాట ఇచ్చాడు. అది జరగలేదు. 1991లో 'ట్రీటీ' అనే పాట చేశారు, సగం ఇంగ్లిష్, సగం సొంత భాష. దేశమంతా దానికి ఎగిరింది. దేశం మొత్తానికి ఒప్పందం మాత్రం ఇంకా రాలేదు. మరుసటి ఏడు ఆయనను ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్‌గా గౌరవించారు. 2013లో చనిపోయాడు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బడిలో గోర్ బోలీ మాట్లాడితే మాటకు పావలా జరిమానా వేసేవాళ్లు. మా దగ్గర పావలాలు ఎక్కడివి? అందుకని మౌనంగా ఉండేవాళ్లం, ఆ మౌనాన్ని చూసి ఈ పిల్లలకు బుర్ర లేదనేవాళ్లు. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వచ్చాయి, వాటిలో బంజారా ఉంది. మంచి పని. పుస్తకం ఉన్నంత మాత్రాన పిల్లవాడి నోరు తెరుచుకోదు, తెరిపించేది పాట. మా క్లాసులో మాటలకంటే ముందు బల్లల మీద దరువు మొదలవుతుంది. హైదరాబాద్‌లో మూడున్నర వేలకు కొన్న గిటార్ ఒకటి నా దగ్గర ఉంది. నాకు వచ్చింది మూడు నాలుగు పట్లే. లెంగి పాటలకు అవి చాలు.

డీజే వచ్చి మన పాటను చంపిందని పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. 2009లో మా చెల్లె పెళ్లిలో డీజే పెట్టాం. అప్పగింతల వేళ పెళ్లికూతురు ఒక్కొక్కరిని పట్టుకొని ఢావ్లో పాడాలి. తల్లిని, అన్నను, వదినను, చివరికి కొట్టంలోని ఎద్దును కూడా పేరు పెట్టి, ఏ మాటకు ఆ మాట అల్లుకుంటూ ఏడవాలి. చెల్లెకు రాగం వచ్చు, మాటలు రావు. హాస్టల్లో పెరిగిన పిల్ల, ఎవరు నేర్పుతారు? యాడి మెడ పట్టుకొని ఊరికే ఏడ్చింది. డీజే ఆపమని చెప్పి నేనే వైరు తీయించాను. అప్పుడు యాడి తానే అందుకుంది. బిడ్డ పాడాల్సిన పాట తల్లి పాడింది. పావుగంట. ఆ గొంతుకు మైకు లేదు, పందిరి చివర నిలబడ్డ మగపెళ్లివారికీ వినబడింది. చప్పుడు పెద్దదైనందుకు పాట పోలేదు. పాడే పిల్లకు మాటలు అందకుండా పోయాయి. టినారివెన్ గిటార్‌కు కరెంటు ఎంతైనా ఉండనీ, మాటలు వాళ్ల అమ్మల దగ్గరివే.

ఆ తర్వాత నుంచి ఫోన్లో రికార్డు చేస్తున్నాను. యాడివి, మేనత్తవి, పక్క తండా ముసలమ్మలవి, ఇప్పటికి నలభై ఒకటి. కొన్నింట్లో బర్రె అరుపు వస్తుంది, ఒకదాంట్లో మిక్సీ. మా తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు వాటిలో ఒక దాన్ని గిటార్, నంగారా, థాళితో కడుతున్నారు. బ్యాండ్‌కు పేరు మీద ఇంకా కొట్లాట. ఒకడు 'లదేణి' అంటాడు, ఇంకొకడికి అది ముసలి పేరులా ఉందట.

పాట మాత్రం మూడో చరణం దగ్గర ఆగింది. అందులో ఎద్దు వీపు మీద వేసే ఏదో సామాను పేరు వస్తుంది. యాడికి పాడటం తెలుసు, అదేమిటో తెలియదు. మూడు తండాల్లో అడిగితే మూడు రకాలుగా పలికారు, అందుకే ఇక్కడ రాయడం లేదు. తెలియని మాట పాడమని పిల్లలు మొండికేశారు. పిట్లం దిక్కున ఒక తండాలో లదేణి ఎడ్లను చూసిన తండ్రికి పుట్టిన ముసలమ్మ ఉందట. ఈ ఆదివారం రెండు బండ్ల మీద ఐదుగురం పోతున్నాం. ఫోన్ చార్జింగ్ పెట్టమని మావాళ్లు శుక్రవారం నుంచే గుర్తుచేస్తున్నారు.